రక్తపోటు: మాటయు, కొలతయు

పోటు అను మాటకు మన తెలుగున పలు అర్థములు కలవు. కత్తిపోటు ఒకటి, తలపోటు, పంటిపోటు మరియొకటి, ఆటుపోటులలోని పోటు ఇంకొకటి. గౌతమీ ముఖమున నున్న యానాము వారికిని, గంజాము తీరమున కాపురమున్న మనవారికిని ఈ కడపటి అర్థమును విడమరచి చెప్పనక్కరలేదు. ఏటిలోనికి సముద్రపు నీరు ఎక్కివచ్చుట పోటు, దిగిపోవుట ఆటు. అయినను నిత్యవ్యవహారమున మనకు మొదట తోచునది ఈ నీటిపోటు కాదు, నొప్పిగా నుండు పోటు. గుండెపోటు వచ్చినదనగా రొమ్ము పట్టుకొని కూలిన మనిషి కన్నులకు గట్టును. కనుకనే రక్తపోటు అన్నంతనే లోపల ఎక్కడనో పోటెత్తవలెననియు, తలయైనను పగులునట్లుండవలెననియు మనవారిలో పెక్కుమంది భావింతురు.

ఇరుగుపొరుగు భాషలను చూడుడు. తమిళులు ఇరత్త అళుత్తమందురు. కన్నడిగులు రక్తదొత్తడ మందురు. మరాఠీవారు రక్తదాబ్ అనియు, ఒడియావారు రక్తచాప అనియు అందురు. అళుత్తము, ఒత్తడము, దాబు, చాపము — ఇవి అన్నియు ఒత్తిడిని చెప్పునవియే కాని నొప్పిని చెప్పునవి కావు. ఇంట తెలుగును, వీధిలో వారి భాషను తరతరములుగా వాడుచున్న మనకు ఈ భేదమును గమనించు అవకాశము తక్కిన తెలుగువారికంటె ఎక్కువ. ఇది మాటల ముచ్చట మాత్రమే యైనచో దీనిని ఇచట ఎత్తుకొనియుండము. ఈ వ్యాధి చరిత్ర యంతయు ఈ భేదము చుట్టునే తిరిగినది. నొప్పి లేని దానిని వ్యాధియని గుర్తించి, దానికి మందు వేయవలెనని నిశ్చయించుకొనుటకు వైద్యలోకమునకు రెండువందల యేండ్లకు పైగా పట్టినది.

మన పూర్వులు నాడి నెరుగనివారు కారు. తెలుగునాట వైద్యులకు తరతరములుగా చేతిపుస్తకమైన బసవరాజీయము నాడీపరీక్షతోనే ఆరంభమగును. వాతనాడి పామువలెను, పిత్తనాడి కప్పవలెను, శ్లేష్మనాడి హంసవలెను నడచునని మన వైద్యులు చెప్పుదురు. ఉప్పు మిక్కుటముగా తినువారి నాడి గట్టిపడునని చీనా దేశపు ప్రాచీన వైద్యగ్రంథ మొకటి చెప్పుచున్నది. కాని వ్రేలికొనకు తెలియునది నడకయు, బిగువును మాత్రమే. ఎంత బిగువో చెప్పుటకు వ్రేలికి అంకె లేదు.

ఆ అంకె మొదట ఒక గుఱ్ఱమువద్ద దొరకినది. లండను సమీపమున టెడింగ్టను గ్రామమున క్రైస్తవ మతాచార్యుడుగా నుండిన స్టీఫెన్ హేల్సు ఒక ఆడుగుఱ్ఱమును పరుండబెట్టి, దాని తొడలోని ధమనిలో ఇత్తడిగొట్టమును చొప్పించి, దానికి పొడవైన గాజుగొట్టము నమర్చెను. నెత్తురు గాజులో 8 అడుగుల 3 అంగుళముల ఎత్తునకు ఎగసెను. ఎగసి నిలువక, గుండె కొట్టుకొన్నప్పుడెల్ల కొన్ని అంగుళముల మేర పైకిని క్రిందికిని ఆడుచుండెను. 1733లో ఈ సంగతి అచ్చుపడినది. ఈ వర్ణనను చదివినపుడు రక్తపోటు అను మాట అంత తప్పు మాట కాదని మాకు తోచినది. నొప్పిపోటును మరచి నీటిపోటును తలచుకొన్నచో చాలును. ఎగసిన కొస పోటు. దిగిన కొస ఆటు. నేడు వైద్యుడు చీటిమీద గీత కటునొకటి ఇటునొకటిగా వ్రాయు రెండంకెలును ఇవియే. గుండె ముడుచుకొని నెత్తురును నెట్టునప్పటి ఒత్తిడి పై అంకె; గుండె సడలినప్పుడును నాళములలో నిలిచియుండు ఒత్తిడి క్రింది అంకె.

ఎనిమిదడుగుల గాజుగొట్టముతో రోగిని సమీపింపజాలము గదా! 1828లో ఫ్రాన్సు దేశస్థుడు పోయిసోయి నీటికంటె పదమూడు రెట్లకు పైగా బరువైన పాదరసమును వాడి ఆ గొట్టమును కురుచ చేసెను. మనము నేటికిని ఒత్తిడిని పాదరసపు మిల్లీమీటర్లలో చెప్పుకొనుట అప్పటి నుండి వచ్చిన వాడుకయే. పాదరసము విషపదార్థమగుటచే ఆ పరికరములను వైద్యశాలలనుండి క్రమముగా తొలగించుచున్నారు. కొలమానము మాత్రము దాని పేరనే నిలిచినది.

ఇచట ఒక భారతీయ వంశజుని తలపకుండ ముందుకు సాగుట న్యాయము కాదు. పాట్నాలో పుట్టి, ఇంగ్లండు చేరి, బ్రైటను పట్టణమున స్నానశాల నడపి పేరుగాంచిన షేకు దీన్ మహమ్మదునకు మనుమడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మదు. 1849లో జన్మించిన ఈయన లండనులోని గై వైద్యశాలలో పనిచేసెను. అధికమైన ఒత్తిడి మూత్రపిండముల వ్యాధి వెంట వచ్చునదే యని ఆనాటి పండితుల తలంపు. మహమ్మదు నాడిగతిని కాగితముపై గీయు యంత్రమును బాగుచేసి, పెక్కుమందిని పరీక్షించి, మూత్రపిండములు చెడనివారిలోను ఒత్తిడి అధికముగా నుండవచ్చుననియు, అట్టివారు తమకొక కీడు కలదని ఎరుగకయే అందరివలె తిరుగుచుందురనియు కనిపెట్టెను. ఆయన 1884లో సన్నిపాతజ్వరముతో ముప్పదియైదేండ్లకే గతించెను. నొప్పి లేని వ్యాధిని స్పష్టముగా చూచిన తొలి చూపులలో ఇది యొకటి. ఆయన పేరు మన బడిపుస్తకములలో కానరాకుండుట చింతింపదగిన విషయము.

తరువాతి మెట్లు త్వరగా కట్టబడినవి. 1896లో ఇటలీలోని టూరినునందు రివా-రోచి అను వైద్యుడు సైకిలుచక్రపు లోపలి రబ్బరుగొట్టము వంటి దానిని దండచేతికి చుట్టి గాలినింపి, మణికట్టువద్ద నాడి ఆగిపోవు చోట అంకెను చదివెను. దీనితో పై అంకె మాత్రమే తెలియుచుండెను. 1905లో రష్యా సైనిక వైద్యుడు కొరొట్కోవు, పట్టీ క్రింద మోచేతి మడతవద్ద స్టెతస్కోపు నుంచి వినినచో, గాలి వదలుచుండగా మొదట టపటప శబ్దము పుట్టుననియు, అది అణగిపోవు చోట క్రింది అంకె దొరకుననియు చెప్పెను. ఆయన నివేదిక పుటకు మించలేదు. నేటికిని ప్రపంచమందలి వైద్యశాలలలో నడచుచున్నది ఆ పుటయే.

కొలుచుట వచ్చినది, కొలిచి ఏమి చేయవలెనో మాత్రము తెలియలేదు. వయస్సు మీరినకొలది నాళములు ఇరుకగును గనుక, వానిగుండ నెత్తురు పారుటకు అధికమైన ఒత్తిడి శరీరమునకు అవసరమే యని పెద్ద వైద్యులు నమ్మిరి. ఆ నమ్మకము నుండియే ఆంగ్లమున ఈ వ్యాధికి 'ఎసెన్షియల్' అను విశేషణము అంటుకొన్నది. 1931లో లివర్పూలు ఆచార్యుడు జాన్ హే, ఒత్తిడి ఎక్కువగా ఉన్నవానికి దానిని ఎవరైనను కనిపెట్టుటయే పెద్ద ప్రమాదమనియు, కనిపెట్టినచో దానిని తగ్గింపజూచు మూఢుడొకడు తప్పక దొరకుననియు అర్థము వచ్చునట్లు పలికెను. నవ్వుకొనుటకు ముందు ఒక మాట. ఆనాడు చేతనున్న చికిత్సలు క్రూరమైనవి. నడుమువద్ద నరములను కోయు శస్త్రచికిత్స వానిలో నొకటి. హే గారి భయము పూర్తిగా నిరాధారము కాదు.

ఆ నమ్మకమునకు లోకము చెల్లించిన మూల్యము అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు విషయమున అందరికిని తెలిసివచ్చినది. 1944 మార్చిలో హృద్రోగ వైద్యుడు హోవర్డు బ్రూయన్ ఆయనను పరీక్షించునప్పటికి ఒత్తిడి 186/108, గుండె పెరిగియున్నది. రెండవ ప్రపంచయుద్ధము మధ్యనున్నది. ప్రజలకు మాత్రము అధ్యక్షులవారి ఆరోగ్యము వయస్సునకు తగినట్లు బాగుగనే యున్నదని చెప్పబడుచుండెను. బ్రూయన్ విశ్రాంతి విధించెను, ఉప్పు తగ్గించెను, సిగరెట్లు తగ్గించెను, గుండెకు బలమిచ్చు డిజిటాలిసు నిచ్చెను. ఆనాటి వైద్యుని చేతిలో ఇంతకు మించి చెప్పుకోదగిన దేదియు లేదు. ఆ యేడు నవంబరులో ఆయన నాల్గవసారి అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. 1945 ఫిబ్రవరిలో యాల్టాకు పోయి స్టాలినుతోను, చర్చిలుతోను కూర్చుండి యుద్ధానంతర ప్రపంచమును గూర్చి మాటలాడెను. ఏప్రిలు 12న వార్మ్ స్ప్రింగ్సులో చిత్రకారిణి ఎదుట కూర్చుండియుండగా తల వెనుక భాగమున భరింపరాని నొప్పి యని పలికి ఒరిగిపోయెను. ఆనాటి కొలత 300/190. మెదడులో నెత్తురుగొట్టము పగిలినది. వయస్సు 63.

ఇన్నేండ్లు లోపల పెరిగిన కీడునకు తలపోటు వచ్చినది ఆ కడపటి దినమున! పోటు వచ్చినపుడు చూచుకొందమని కూర్చుండువారికి ఇంతకంటె వేరు నిదర్శనము మేము చూపలేము. యాల్టాలో కూర్చున్న ముగ్గురిలో స్టాలిను 1953లో మెదడు నాళము పగిలియు, చర్చిలు 1965లో పక్షవాతముతోను గతించిరనుట ఇచట ప్రసంగవశమున చెప్పుచున్నాము.

మూడేండ్లు గడచిన పిమ్మట 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణమున 5,209 మందిని ఎన్నుకొని, వారి ఆరోగ్యమును యేండ్ల తరబడి గమనించు పరిశోధన ఆరంభమైనది. ఒత్తిడి హెచ్చుగా నున్నవారికే గుండెజబ్బును పక్షవాతమును ఎక్కువగా వచ్చునని ఆ పట్టణము కాలక్రమమున లోకమునకు తెలియజేసినది. శరీరమునకు ఆ ఒత్తిడి అవసరమన్న మాట అచట కూలినది. కాని తగ్గించు మందేది?

ఇప్పుడు కథ మన దేశమునకు తిరుగును.

సర్పగంధ యను చిన్న మొక్క హిమాలయ పాదముల నుండి పడమటి కనుమల వరకును తేమగల అడవులలో పెరుగును. మన తెలుగున పాతాళగంధి యందురు, ఒడిస్సాలో పాతాళగరుడ, కన్నడమున సూత్రనాభి. పాతాళగరుడి యను పేరు మనలో దూసరితీగకును కలదు గనుక పేరును నమ్మి వేరును కొనుట ప్రమాదకరము. బీహారు, బెంగాలు పల్లెలలో దీని వేరును ఉన్మాదమునకును, నిద్రలేమికిని, పాముకాటునకును వాడుచుండిరి. పిచ్చికి మందు అను పేరే దానికి స్థిరపడినది. పాశ్చాత్య వృక్షశాస్త్రమున దీని కులమునకు రావుల్ఫు అను జర్మను యాత్రికుని పేరు పెట్టిరి. పదునారవ శతాబ్దిలో తూర్పు మధ్యధరా దేశములు తిరిగిన ఆయన భారతభూమిని కన్నెత్తి చూచినవాడు కాడు. పేర్ల భాగ్యము ఇట్లుండును.

1931లో కలకత్తాలో కవిరాజు గణనాథ సేన్, వైద్యుడు కార్తికచంద్ర బోసు కలిసి ఈ వేరు ఉన్మాదమునకే కాక అధిక రక్తపోటునకును పనిచేయునని వ్రాసిరి. ఆ యేడే ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ, రఫత్ హుస్సేన్ సిద్దీఖీ అనువారు వేరునుండి క్షారద్రవ్యములను వేరుచేసి, ఒకదానికి ఆ కళాశాలను స్థాపించిన హకీము అజ్మల్ ఖాన్ పేర అజ్మలిన్ అని నామకరణము చేసిరి. కలకత్తాలో రామనాథ్ చోప్రా జంతువులపై పరీక్షించి ఒత్తిడి తగ్గుటను చూచెను. ఆయుర్వేద పండితుడు, అలోపతి వైద్యుడు, యునానీ కళాశాలలోని రసాయనికులు ఒకే వేరును మూడు వైపుల నుండి త్రవ్విరన్నమాట. అయినను దేశము వెలుపల ఎవరును పట్టించుకొనలేదు.

పట్టించుకొనునట్లు చేసినవాడు బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు. పరేలులోని కింగ్ ఎడ్వర్డ్ స్మారక వైద్యశాలలో ఆయన హృద్రోగ వైద్యుడు. పరేలు, వర్లీ ప్రాంతముల పేర్లు మహారాష్ట్రలోని మన తెలుగు కుటుంబములకు క్రొత్తవి కావు. తెలంగాణమునుండి పోయిన పద్మశాలి నేతగాండ్రు మిల్లులలో మగ్గములు నడపి అచటి చాళ్లలో కాపురములు నిలుపుకొన్నారు. ఆ మిల్లుల నడుమ నిలిచిన వైద్యశాల అది. వకీలు 50 మంది రోగులకు ఈ వేరు నిచ్చి, ఒత్తిడులను వరుసగా కొలిచి పట్టికలు కట్టి, 1949లో బ్రిటిషు హృద్రోగ పత్రికలో ప్రకటించెను. అనుభవము చెప్పిన దానిని అంకె చెప్పునట్లు చేయుట — ఆయన చేసినది ఇది. ఆ వ్యాసము చదివి బాస్టనులో రాబర్టు విల్కిన్సు వేరును తెప్పించుకొని పరీక్షించెను. 1952లో స్విట్జర్లాండులోని బాసెలు నగరమున సీబా సంస్థ రసాయనికులు దాని సారమైన రిసర్పిన్‌ను వేరుచేసిరి. 1957లో వకీలునకు అమెరికావారి లాస్కర్ బహుమతి లభించినది.

ఇంతటితో సర్పగంధను కీర్తించి ఊరకుండుట సత్యము కాదు. మందు వాడుక పెరిగినకొలది కొందరు రోగులకు మనస్సు క్రుంగుట, జీవితమునందు విరక్తి కలుగుట కనబడెను. కాలక్రమమున వైద్యులు మెల్లగా దానిని ప్రక్కకు జరిపిరి. వేరులకై మొక్కలను పెకలించుటచే అడవులలో అది అరుదైపోగా, 1990 నుండి అంతర్జాతీయ ఒప్పందము క్రింద దాని వ్యాపారము నియంత్రింపబడినది. నేడు సంతలలో సర్పగంధ చూర్ణమని అమ్ము పొట్లములను, వైద్యునికి చెప్పక, మాత్రలతోపాటు మ్రింగువారు మనలో కలరు. ఆ పొడిలో ఎంత సారమున్నదో అమ్మువాడును ఎరుగడు. వకీలు కొలిచి యిచ్చెను; కొలత లేనిచో అది వకీలుగారి మందు కాదు.

దాని పేరు చరిత్రలో స్థిరముగా నిలిచిన ఘట్టము ఇంకొకటి కలదు. ఒత్తిడిని తగ్గించినచో ప్రాణము నిలుచునా యను ప్రశ్నకు 1967 వరకును తిరుగులేని సమాధానము లేదు. అమెరికాలో ఎడ్వర్డు ఫ్రైసు నాయకత్వమున మాజీ సైనికుల వైద్యశాలలలో 143 మంది పురుషులను రెండు భాగములు చేసిరి. అందరికిని క్రింది అంకె 115 మొదలు 129 వరకు. ఒక భాగమునకు మందు; రెండవ భాగమునకు మందువలె కనబడు ఉత్తమాత్ర. సగటున రెండేండ్లైనను గడువకమునుపే ఉత్తమాత్ర తినినవారిలో 27 మందికి తీవ్రమైన ఉపద్రవములు సంభవించెను. మందు తినినవారిలో ఇద్దరికి మాత్రమే. ఆ మందులో మూడు ద్రవ్యములు కలిసియున్నవి. మూత్రము ద్వారా ఉప్పును బయటికి పంపు థయజైడు ఒకటి, హైడ్రాలజీను ఒకటి, మూడవది మన వేరునుండి పుట్టిన రిసర్పిన్. 1970లో వెలువడిన రెండవ భాగము ఇంత తీవ్రము కాని వారికిని మందు మేలు చేయునని చూపినది. నొప్పి లేనివానికి మందు వేయవచ్చునా యను పాత వాదము అక్కడ ముగిసినది.

తరువాత వచ్చిన మందులను గూర్చి విస్తరింపము. 1964లో జేమ్సు బ్లాకు రూపొందించిన ప్రొప్రనలోలు గుండె వేగమును అణచును. బ్రజిలు దేశపు ఒక రక్తపింజరి జాతి పాము విషమునందలి గుణమును అనుసరించి కల్పించిన కాప్టొప్రిలు 1981 నుండి వాడుకలోనికి వచ్చినది. సర్పగంధతో మొదలైన కథ సర్పవిషము వరకు సాగినదన్నమాట. నేడు ప్రభుత్వ వైద్యశాలలలో ఇచ్చు సామాన్యమైన మాత్రలు చవుకయైనవి, నమ్మదగినవి.

మందుకంటె పాతది ఉప్పు సంగతి. 1940 ప్రాంతమున అమెరికాలోని డ్యూకు విశ్వవిద్యాలయమున, జర్మనీనుండి వెడలివచ్చిన వైద్యుడు వాల్టర్ కెంప్నర్, తీవ్రమైన రక్తపోటు గలవారికి అన్నము, పండ్లు, చక్కెర మాత్రమే పెట్టి, ఉప్పు దాదాపు లేకుండ చేసెను. అన్నపు పథ్యమని దానికి పేరు. ఆయన ఒక రోగిణికి రెండు వారములని చెప్పగా ఆయన జర్మను యాస అర్థముగాక ఆమె రెండు నెలలు పథ్యము చేసి, ఎవరును ఊహింపనంత స్వస్థతతో తిరిగివచ్చినదని ఒక కథ చెప్పుకొందురు. వైద్యశాలలో భాష తెలియకుండుటవలన మేలు కలిగిన సందర్భము మాకు తెలిసినంతలో ఇది యొక్కటియే!

మన అన్నము మంచిదే. అన్నముతో తినునది వేరు. ఆవకాయ, మాగాయ, గోంగూర, అప్పడములు, వడియములు, చల్లమిరపకాయలు, తీరప్రాంతములలో ఉప్పుచేప — నిలువయుంచు ప్రతి వస్తువును ఉప్పుతోనే నిలుచును. పరభాషా ప్రాంతమున స్థిరపడిన కుటుంబమునకు ఊరగాయ జాడీ వట్టి ఆహారము కాదు. వేసవిలో అమ్మమ్మగారి యింట జరుగు ఆ పండుగ మన తెలుగుదనమున కొక ఆనవాలు. దానిని వదలుకొనుమని చెప్పుటకు మాకును మనసొప్పదు. కాని లెక్క చూడవలెను. పెద్దవారికి దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు ఉప్పుకంటె తక్కువ చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలివారి లెక్కలో మన దేశమున సగటు 8 గ్రాములు. 1988లో 32 దేశములలో జరిపిన ఇంటర్‌సాల్టు పరిశోధనలో, ఉప్పు దాదాపు ఎరుగని అమెజాను అడవులలోని యానోమామి జాతివారికి వయస్సుతోపాటు రక్తపోటు పెరుగుట లేదని తేలినది. ముసలితనమున పోటు పెరుగుట ప్రకృతిధర్మ మనుకొనుట దీనితో సందేహాస్పదమైనది. ఊరగాయను పండుగకును ఆదివారమునకును ఉంచి, తక్కిన దినములలో పప్పులోను మజ్జిగలోను మరల ఉప్పు చల్లుకొను అలవాటును మానినచో సగము పని జరుగును. ఉప్పు తక్కువైనదని కోడలిని మాట అనుట మన యిండ్లలో పాత ఆచారము. ఇకమీదట ఆమె పక్షము వహించుట మంచిది.

ఇక మన యిండ్లలో జరుగు దానిని చెప్పవలెను. యాబది దాటిన పెద్దవారిని పిల్లలు వైద్యశాలకు తీసికొనిపోవుదురు. ఆ వైద్యుడు తమిళమునో, మరాఠీనో మాటలాడును. బజారు భాష చక్కగా వచ్చిన ముసలివారికిని శరీరపు బాధను చెప్పుకొనుటకు తెలుగు తప్ప మాట రాదు. "ఎట్లున్నారు?" అని అడిగినచో "బాగానే ఉన్నాను" అని ఒక్క మాటతో ముగింతురు. కొన్ని నెలలు మాత్రలు వేసికొందురు, కొలత సరిపడును, "తగ్గిపోయినది గదా, ఇంకెందుకు?" అని మానుదురు. కొలత తగ్గినది మాత్ర వలననే యనియు, మాత్ర మానగానే మరల ఎక్కుననియు వారికి వారి భాషలో చెప్పినవారు లేరు. జ్వరమునకు మందు వలె దీనిని తలచుటయే మూలదోషము. కండ్లజోడు పెట్టుకొన్నపుడు చక్కగా కనబడుచున్నదని జోడును పారవేయుదుమా?

వ్యాధి మాటతో చెప్పుకొనదగినది కాదు గనుక భాష రాకుండుట ఇచట అంత పెద్ద అడ్డంకియు కాదు. కావలసినది ఒక చిన్న పుస్తకము. తేది, పై అంకె, క్రింది అంకె, వేసికొను మాత్ర పేరు — ఇంతే. కూతురు హైదరాబాదులోను, కొడుకు షోలాపురములోను ఉండి తలిదండ్రులు ఆరు నెలలకొకచోట కాపురముండు కుటుంబములు మనలో ఎన్నియో. వారితోపాటు ఆ పుస్తకము కూడ పెట్టెలో పోవలెను. 140/90 అంకెలు గాని, అంతకు మించినవి గాని వేర్వేరు దినములలో కనబడినచో వైద్యునికి చూపుట తప్పనిసరి. కొలుచు పద్ధతిలో పొరబాటులు ఎక్కువ. టీయో కాఫీయో త్రాగి, చుట్ట కాల్చి, మెట్లెక్కివచ్చి రొప్పుచు చేయి చాచిన వాని అంకె నమ్మదగినది కాదు. మూత్రవిసర్జన చేసివచ్చి, ఐదు నిమిషములు వీపునకు ఆనిక పెట్టుకొని కూర్చుండి, పాదములు నేలమీద మోపి, చొక్కా చేయి పైకి తీసి, దండచేతిని గుండె ఎత్తున బల్లపై నుంచి, మాటలాడక కొలిపించుకొనవలెను. కొంచెము ఆగి మరల కొలువవలెను. మణికట్టునకు కట్టు యంత్రములకంటె దండచేతికి కట్టునవి మేలు. ఇన్ని నియమములు చాదస్తముగా తోచవచ్చును. జాతకము చూపించుకొనుటకు మనము పాటించు నియమములకంటె ఇవి తక్కువయే.

ఈ లెక్క ఎంతమందికి సంబంధించినదో 2023లో వెలువడిన మరియొక అఖిలభారత పరిశోధన చెప్పినది: పెద్దవారిలో నూటికి 35 మందికి పైగా. ప్రభుత్వములును ఆలస్యముగనైనను కదలినవి. 2017లో ఆరంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమమునకు మొదట ఎన్నుకొన్న ఐదు రాష్ట్రములలో తెలంగాణము, మహారాష్ట్ర కలవు. తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టు 5న 'మక్కళై తేడి మరుత్తువమ్', అనగా ప్రజలను వెదకికొని పోవు వైద్యము, అను పథకమును ప్రారంభించినది. ప్రారంభించిన చోటు చెన్నపట్టణము కాదు. కృష్ణగిరి జిల్లాలో శూళగిరి వద్దనున్న సామనపళ్లి. హోసూరు, శూళగిరి, కృష్ణగిరి ప్రాంతములలో తెలుగు, కన్నడము, తమిళము ఒకే వీధిలో వినబడునని అచటి మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ పథకమున శిక్షణ పొందిన స్త్రీలు ఇంటింటికిని పోయి, పట్టీ కట్టి రక్తపోటును కొలిచి, మందు కావలసిన వారికి మాత్రలను గుమ్మమువద్దనే అందజేసిరి. 2024లో ఐక్యరాజ్యసమితి సంస్థ ఒకటి దీనికి బహుమతి నిచ్చినది. నూటయేబది యేండ్ల క్రిందట లండనులో అక్బర్ మహమ్మదు ఎవరిని గూర్చి వ్రాసెనో, ఏ బాధయు లేక అందరివలె తిరుగుచున్న ఆ మనుష్యులను వెదకుచు, రివా-రోచి పట్టీ సామనపళ్లి వంటి పల్లెల గడపలు తొక్కినది.